కరెంటు పోయొచ్చాక కూడా ఉంటేనే అది సెట్టింగ్



పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. కంప్యూటర్ గురించే రాస్తున్నాం గానీ, కంప్యూటర్ చదవని వాళ్లకి కూడా అర్థం కావాలని మెల్లగా చెబుతున్నాం. కమాండ్ల పేర్లు తెలుగులో రాశాం, టైప్ చేసేటప్పుడు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి.

మేము నలుగురం. ఒకరిది చింతపల్లి వైపు, ఒకరిది ముంచింగిపుట్టు, ఇద్దరిది అరకు లోయ. నాలుగు ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. హాస్టల్ ల్యాబ్ తాళం మా దగ్గర ఉంటుంది కాబట్టి అక్కడ ఏం జరిగినా మమ్మల్నే అడుగుతారు.

ఆ ల్యాబ్‌లో ఒక పాత కంప్యూటర్ ఉంది. ఎవరో ఆఫీసులో వాడి పక్కన పెట్టేసినది. 8 జీబీ ర్యామ్, గిర్రున తిరిగే పాత హార్డ్ డిస్క్. దాని మీద ఉబుంటు 22.04 వేసి సర్వర్ చేసుకున్నాం. సెమిస్టర్ పాత పేపర్లు, సీనియర్లు టైప్ చేసి ఇచ్చిన నోట్సు, డీఎస్సీ, గ్రూప్స్ మోడల్ పేపర్లు అన్నీ అందులోనే. ఇంటర్నెట్ లేకపోయినా హాస్టల్ వైఫై పట్టుకుని ఫోన్‌లో తెరిచి, టాపిక్ పేరు కొడితే ఏ పేపర్లో ఉందో వెతికి పెడుతుంది. ఏజెన్సీలో సిగ్నల్ సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. మా జూనియర్లలో సగం మందికి అదే గైడు, అదే ట్యూషన్.

ఆ వెతికే పని చేసేది ఎలాస్టిక్‌సెర్చ్ అనే సాఫ్ట్‌వేర్. డాకర్ కంటైనర్‌లో నడుస్తుంది. పెట్టిన కొత్తలో అది స్టార్టే అవ్వలేదు. 'మ్యాక్స్ మ్యాప్ కౌంట్ 65530 ఉంది, చాలా తక్కువ, కనీసం 262144 కావాలి' అని ఎర్రర్ ఇచ్చేది. అప్పుడున్న సీనియర్ అన్న ఒక్క కమాండ్ కొట్టాడు, అంతే, లేచి కూర్చుంది. మేమంతా చప్పట్లు కొట్టాం. అన్న ఫైనల్ ఇయర్ అయిపోయి వెళ్లిపోయాడు.

తర్వాత వానాకాలం వచ్చింది. గాలివానకి ఎక్కడో లైన్ మీద చెట్టు పడింది, రాత్రంతా కరెంటు లేదు. పొద్దున కరెంటు వచ్చి సర్వర్ ఆన్ అయింది గానీ వెతుకుడు పని చెయ్యలేదు. మళ్లీ అదే 65530, అదే ఎర్రర్. అన్నకి ఫోన్ చేస్తే స్విచాఫ్. ఆయన కొట్టిన కమాండ్ ఏంటో మాలో ఒక్కరికీ గుర్తు లేదు. రెండు రోజులు పట్టింది దొరకడానికి.

అంత అయ్యాక బుద్ధి వచ్చి, ఈసారి ఫైల్లో రాసేద్దాం అనుకున్నాం. రాశాం. పని చేసింది. అయిపోయింది అనుకున్నాం. సెమ్ పరీక్షలకి మూడు రోజుల ముందు మళ్లీ కరెంటు పోయింది, వచ్చింది. మళ్లీ 65530.

అక్కడ మాకు తల కొట్టేసినట్టు అయింది. జూనియర్లు ఫోన్లు పట్టుకుని ల్యాబ్ గుమ్మం దగ్గర నిలబడ్డారు. వార్డెన్ సార్ వచ్చి చూసి, 'మీరే ఏదో కెలికి పాడు చేశారు. పరీక్షలయ్యేదాకా ల్యాబ్‌కి తాళం వేసేద్దాం' అన్నారు. ఆయన్ని మేం తప్పు పట్టట్లేదు. ఆయన కళ్లతో చూస్తే అది మూడోసారి ఆగిపోయిన మెషీన్, దాని చుట్టూ తెలిసీ తెలియని నలుగురు పిల్లలు. తాళం పడితే మళ్లీ ఎప్పుడు తీస్తారో మాకు తెలుసు, మీకూ తెలుసు. మన హాస్టళ్లలో 'పాడైంది' అని ఒకసారి పేరు పడిన వస్తువు మళ్లీ బాగుపడదు, స్టోర్ రూమ్‌కి పోతుంది.

ఆ సాయంత్రం కూర్చుని అసలు విషయం అర్థం చేసుకున్నాం. అదే ఇక్కడ చెబుతున్నాం.

లినక్స్‌లో కెర్నల్ అనేది అన్నిటికీ పెద్ద. మెమరీని ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎప్పుడు వెనక్కి తీసుకోవాలి అని అదే చూసుకుంటుంది. దానికి కొన్ని లెక్కలు ఉంటాయి. ఆ లెక్కలు 'ప్రాక్ సిస్' అనే ఫోల్డర్‌లో ఫైళ్లలాగా కనిపిస్తాయి. మేము మోసపోయింది ఇక్కడే. అవి ఫైళ్లలాగా కనిపిస్తాయి గానీ డిస్క్ మీద ఉండవు. నడుస్తున్న కెర్నల్ తన లోపలి లెక్కని మనకి ఫైల్ రూపంలో చూపిస్తుంది, అంతే. 'సిస్‌సీటీఎల్ హైఫన్ డబ్ల్యూ' అని కొట్టి మనం మార్చేది ఆ నడుస్తున్న లెక్కనే. మెషీన్ ఆగిపోతే ఆ లెక్క కూడా పోతుంది. మళ్లీ లేచేటప్పుడు కెర్నల్ తన పాత అలవాటు నంబర్లతోనే లేస్తుంది. అంటే అన్న చేసింది తప్పు కాదు, సగం పని. బ్లాక్‌బోర్డు మీద రాసినట్టు. రాసినప్పుడు అందరికీ కనిపిస్తుంది, డస్టర్ పడితే పోతుంది.

ఆ నంబర్ అంటే ఏంటో కూడా చెప్పాలి. 262144 అంటే ఎంబీలు కాదు, జీబీలు కాదు. ఒక ప్రోగ్రాం తన మెమరీని ఎన్ని ముక్కలుగా గీసుకుని వాడుకోవచ్చు అనే పరిమితి. ఎలాస్టిక్‌సెర్చ్ తన ఫైళ్లని మెమరీలోకి మ్యాప్ చేసుకుని వెతుకుతుంది కాబట్టి దానికి ఎక్కువ ముక్కలు కావాలి. ఇంకొకటి. కంటైనర్‌కి సొంత కెర్నల్ ఉండదు, కింద ఉన్న మెషీన్ కెర్నల్‌నే వాడుకుంటుంది. అందుకే ఈ సెట్టింగ్‌ని కంటైనర్‌లో కాదు, మెషీన్‌లోనే పెట్టాలి. మేము ఒక పూట కంటైనర్ ఫైళ్లు తిరగేస్తూ పాడు చేసుకున్నాం.

మరి మెషీన్ లేచినప్పుడల్లా ఆ నంబర్ మళ్లీ ఎవరు పెట్టాలి? దానికి ఒక పనివాడు ముందే ఉన్నాడు. సిస్టమ్‌డీలో 'సిస్టమ్‌డీ-సిస్‌సీటీఎల్' అనే సర్వీస్. మెషీన్ లేస్తున్న మొదట్లోనే, మిగతా సర్వీసులు లేవకముందే, 'ఈటీసీ' లోపల ఉన్న 'సిస్‌సీటీఎల్ డాట్ డి' ఫోల్డర్ తెరిచి అందులో రాసినవన్నీ కెర్నల్‌కి చెబుతాడు. అలాంటి ఫోల్డర్లు 'రన్' లోపల, 'యూఎస్ఆర్ లిబ్' లోపల కూడా ఉంటాయి. మనం రాసుకోవాల్సింది ఈటీసీలోనే.

అయితే మేం రాసిన ఫైల్ ఎందుకు పనిచెయ్యలేదు? ఫైల్ పేరు '60-హాస్టల్' అని పెట్టాం. చివర 'డాట్ కాన్ఫ్' పెట్టలేదు. ఆ పనివాడు డాట్ కాన్ఫ్‌తో ముగిసే ఫైళ్లనే చదువుతాడు, మిగతావి ఉన్నట్టే చూడడు. ఎర్రర్ కూడా ఇవ్వడు. మరి ఆ రోజు పని చేసిందెలా అంటే, మేము 'సిస్‌సీటీఎల్ హైఫన్ పి' అని కొట్టి పక్కనే ఫైల్ పేరు ఇచ్చాం. పేరు చెప్పి ఇస్తే ఏ ఫైల్‌నైనా చదివేస్తుంది. స్క్రీన్ మీద 262144 అని కనిపించింది, మేము సంతోషంగా మెస్‌కి వెళ్లి అన్నం తిన్నాం. అది పరీక్ష కాదు. హాల్ టికెట్ లేకుండా హాస్టల్ గదిలో కూర్చుని మోడల్ పేపర్ రాసి పాసయ్యాం అనుకోవడం లాంటిది.

ఇక మా అభిప్రాయం. మెషీన్‌ని ఆపి, మళ్లీ లేపి, ఎవరూ చెయ్యి వెయ్యకుండా అది సరిగ్గా లేచిందని కళ్లతో చూసేదాకా ఏ సెట్టింగూ అయిపోయినట్టు కాదు. సర్వర్ ముట్టుకునే మన పిల్లలందరూ ఇది అలవాటు చేసుకోవాలి. 'నా చేతిలో పని చేసింది' అంటే సరిపోదు. నేను ఊరికి వెళ్లిపోయాక, రాత్రి రెండింటికి కరెంటు పోయొచ్చాక కూడా పని చెయ్యాలి.

దీనికి మా హాస్టల్‌లోనే ఎదురు మాటలు వచ్చాయి. అవి కూడా చెప్పాలి.

ఒకటి. 'ఇంత దేనికి? కమాండ్ గోడ మీద రాసి పెట్టండి, కరెంటు వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు కొడతారు.' గోడ మీద రాస్తే చదివే మనిషి ఉండాలి, సుడో పాస్‌వర్డ్ తెలిసిన మనిషి ఉండాలి. దసరా సెలవుల్లో, సంక్రాంతి సెలవుల్లో ఎవరుంటారు? హాస్టల్‌లో ఉండిపోయిన నలుగురు పిల్లలకి ఆ పేపర్లు అక్కర్లేదా?

రెండు. 'ఆర్‌సీ డాట్ లోకల్ అని ఒక ఫైల్ ఉంటుంది, లేకపోతే క్రాన్‌లో రీబూట్ లైన్ పెట్టండి, అయిపోతుంది.' కొన్నిసార్లు అయిపోతుంది, కొన్నిసార్లు అవ్వదు. అదే చిక్కు. అవి నడిచేది ఆలస్యంగా. ఈలోపు డాకర్ లేచి కంటైనర్‌ని స్టార్ట్ చేస్తే నంబర్ ఇంకా 65530 ఉంటుంది, అది పడిపోతుంది. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న హామీ లేదు. ముందుగా నడవడానికే పుట్టిన పనివాడు ఉండగా వెనకొచ్చేవాడి మీద భారం దేనికి?

మూడు. 'సర్వర్‌ని రీబూట్ చేస్తే లేవకపోవచ్చు, నడుస్తున్నదాన్ని కదపకండి.' ఈ భయం మాకూ ఉంది. నిజమే, లేవకపోవచ్చు. కానీ ఎలాగూ కరెంటు దాన్ని రీబూట్ చేస్తుంది, మనల్ని అడగదు. ఆదివారం పగలు, మనం పక్కన ఉన్నప్పుడు పడిపోవడం మేలా, పరీక్ష ముందు రాత్రి పడిపోవడం మేలా? ఆరు నెలలుగా ఆగకుండా నడుస్తోందని గొప్పగా చెప్పుకునే సర్వర్ అంటే, ఆరు నెలల మార్పులు ఒక్కటి కూడా పరీక్షించని సర్వర్ అని అర్థం.

ఇంకో మాట మా వైపు నుంచి మేమే ఒప్పుకుంటున్నాం. కెర్నల్ మరిచిపోవడం ఒక విధంగా మంచిదే. తప్పు నంబర్ పెట్టి మెషీన్ బిగుసుకుపోతే, ఆపి ఆన్ చేస్తే పాత నంబర్లతో లేస్తుంది, బతికిపోతాం. అదే తప్పుని ఫైల్లో రాసేస్తే లేచిన ప్రతిసారీ అదే తప్పు చేస్తుంది. హ్యూజ్ పేజెస్ అని ఒకటి ఉంది. మామూలుగా మెమరీని 4 కేబీ పేజీలుగా పంచుతారు, పెద్ద డేటాబేస్‌ల కోసం 2 ఎంబీ పేజీలు ముందే పక్కన పెట్టి ఉంచుతారు. అలాంటివి 512 అంటే 1 జీబీ పక్కకి పోయినట్టే, మిగతా ప్రోగ్రాములు దాన్ని ముట్టుకోలేవు. మా 8 జీబీ మెషీన్‌లో తెలియక 4000 అని రాసేస్తే మొత్తం మెమరీ దానికే పోతుంది, మెషీన్ లేవడమే కష్టం. అలాగని దాన్ని తర్వాత ఎప్పుడో పెట్టుకుందాం అన్నా కుదరదు. మెషీన్ చాలా రోజులు నడిచాక మెమరీ ముక్కలు ముక్కలుగా చెదిరిపోయి, అడిగినన్ని పెద్ద పేజీలు దొరకవు. లేచిన వెంటనే అడిగితేనే దొరుకుతాయి. రేపు డేటాబేస్ ఉద్యోగాలకి వెళ్లే అన్నలు, అక్కలు ఇది గుర్తు పెట్టుకోండి.

అందుకే వరస ముఖ్యం. ముందు హైఫన్ డబ్ల్యూతో పెట్టి ఒకటి రెండు రోజులు చూడండి. బాగుందనిపిస్తే ఫైల్లో రాయండి. రాశాక రీబూట్ చేసి చూడండి. ఈ మూడింటిలో ఏది వదిలేసినా మా లాగే అవుతుంది.

మేము చివరికి చేసింది ఇది.

ఈటీసీలో సిస్‌సీటీఎల్ డాట్ డి లోపల '60-హాస్టల్ డాట్ కాన్ఫ్' అని ఫైల్ పెట్టాం. అందులో అసలు లైన్లు రెండే. ఒకటి 'వీఎం.మ్యాక్స్_మ్యాప్_కౌంట్ = 262144'. రెండోది 'వీఎం.స్వాపినెస్ = 10'. ఈ రెండోది ఎందుకంటే, మెమరీ ఇరుకైనప్పుడు కెర్నల్ కొన్ని పేజీలని డిస్క్ మీదకి, అంటే స్వాప్‌లోకి తోస్తుంది. ఆ తోసే మొగ్గు ఎంత ఉండాలో చెప్పేది స్వాపినెస్. మామూలుగా 60 ఉంటుంది. మాది నెమ్మది డిస్క్, స్వాప్‌లోకి వెళ్తే వెతుకుడు నత్త నడకే, అందుకని తగ్గించాం. అందరికీ 10 సరిపోతుందని మేము చెప్పట్లేదు. 0 పెడితే స్వాప్ పూర్తిగా ఆగిపోతుందనుకోవడం కూడా తప్పే.

నెట్‌లో ముప్పై లైన్ల 'సూపర్ ఫాస్ట్' లిస్టులు దొరుకుతాయి. అవి ఎత్తి పెట్టేయకండి. ఎందుకో చెప్పలేని లైన్ మన ఫైల్లో ఉండకూడదు. మేము ప్రతి లైన్ పైనా హ్యాష్ గుర్తు పెట్టి, ఇది ఎందుకు పెట్టాం, ముందు ఎంత ఉండేది, ఏ తేదీన మార్చాం, తీసేస్తే ఏం ఆగిపోతుంది అని రాశాం. హ్యాష్‌తో మొదలయ్యే లైన్‌ని ఫైల్ చదివే ఆ పనివాడు పట్టించుకోడు. అది మన తర్వాత వచ్చేవాళ్ల కోసం.

తర్వాత 'సిస్‌సీటీఎల్ హైఫన్ హైఫన్ సిస్టమ్' కొట్టాం. ఇది లేచేటప్పుడు చదివే ఫోల్డర్లన్నీ తిరిగి, ఏ ఫైల్ చదివిందో పేర్లతో చూపిస్తుంది. ఆ వరసలో మన ఫైల్ పేరు కనిపించాలి. మా పాత ఫైల్‌కి ముందే ఇది కొట్టి ఉంటే, పేరు లేదని ఆ రోజే తెలిసేది. ఫైళ్లని పేర్ల వరసలో చదువుతారు. ఒకే సెట్టింగ్ రెండు ఫైళ్లలో ఉంటే వెనక చదివినదే నిలుస్తుంది. మనం 60లో ఒక నంబర్ రాసి, ఇంకెవరో 99లో వేరే నంబర్ రాస్తే 99 వాడిదే గెలుపు. అన్నీ ఒకేచోట చూడాలంటే 'సిస్టమ్‌డీ-ఎనలైజ్ క్యాట్-కాన్ఫిగ్ సిస్‌సీటీఎల్ డాట్ డి' అని కొట్టండి. పేరులో ఒక్క అక్షరం తప్పు రాసినా ఆ లైన్ వదిలేసి ముందుకెళ్లిపోతుంది. ఆ తప్పు 'జర్నల్‌సీటీఎల్ హైఫన్ యు సిస్టమ్‌డీ-సిస్‌సీటీఎల్' అని కొడితే దొరుకుతుంది.

పాత వీడియోల్లో 'ఈటీసీలో సిస్‌సీటీఎల్ డాట్ కాన్ఫ్ అనే ఒక్క ఫైల్లో రాసేయండి' అని చెబుతారు. మా ఉబుంటు 22.04లో అది నడుస్తుంది. కానీ డెబియన్ 13 నుంచి లేచేటప్పుడు ఆ ఫైల్‌ని చదవడం మానేశారు. ఇప్పుడు నడుస్తోంది కదా అని అందులో రాస్తే, రేపు సిస్టమ్ మార్చినప్పుడు చెప్పకుండా పోతుంది. అందుకే డాట్ డి ఫోల్డరే నయం. ఇంకొకటి, అన్ని మెమరీ సెట్టింగులూ సిస్‌సీటీఎల్ కిందకి రావు. ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్ పేజెస్ లాంటివి 'సిస్' అనే వేరే ఫోల్డర్ కింద ఉంటాయి. వాటిని బూట్ లైన్‌లోనో, సొంత సర్వీస్ రాసో నిలబెట్టుకోవాలి.

కంటైనర్ కూడా తనంతట తాను లేవాలి కదా. డాకర్‌లో దాని రీస్టార్ట్ పాలసీ 'అన్‌లెస్ స్టాప్డ్' అని పెట్టాం. కెర్నల్ సరిగ్గా లేచి కంటైనర్ పడుకుని ఉంటే జూనియర్‌కి ఒకటే, పేపర్ రాదు.

ఇదంతా పరీక్షలకి ముందురోజు మధ్యాహ్నానికి అయింది. వార్డెన్ సార్‌ని పిలిచాం. 'సార్, మీరే స్విచ్ ఆపండి' అన్నాం. ముందు మేం సర్వర్‌ని పద్ధతిగా షట్‌డౌన్ చేశాం, ఆయన గోడ దగ్గర స్విచ్ ఆపారు, అయిదు నిమిషాలు ఆగి వేశారు, మేం పవర్ బటన్ ఒక్కటి నొక్కి పక్కకి వచ్చేశాం. ఎవరం కీబోర్డు ముట్టుకోలేదు. ఆ మూడు నాలుగు నిమిషాలు మాకు ఎంసెట్ రిజల్ట్ చూసినప్పుడు కూడా అంత గుండె దడ లేదు. సార్ ఫోన్ తీసుకుని ఒక టాపిక్ పేరు కొట్టారు. పేపర్లు వచ్చాయి. ఆయన ఇంకో రెండు పేర్లు కొట్టి చూసి, తాళం చెవి మాకే ఇచ్చి వెళ్లిపోయారు. ఏమీ అనలేదు.

ఇదంతా ఎందుకు రాస్తున్నామంటే, టౌన్‌లో చదివే మా క్లాస్‌మేట్లకి ఏదైనా ఆగిపోతే ఫోన్ చెయ్యడానికి ఒక మామయ్యో, బాబాయో సాఫ్ట్‌వేర్‌లో ఉంటారు. మనకి ఇంట్లో అడగడానికి ఎవరూ లేరు. మా అమ్మకి ఫోన్ చేస్తే 'తిన్నావా' అని అడుగుతుంది, మాకు అది చాలు గానీ సర్వర్ లేవదు. మనకి ఉన్న పెద్ద దిక్కు సీనియర్లే. ఆ సీనియర్ మూడేళ్లకి వెళ్లిపోతాడు. ఆయనతో పాటు ఆయనకి తెలిసిందీ వెళ్లిపోతే, ప్రతి బ్యాచ్ మళ్లీ 65530 దగ్గరే మొదలు పెట్టాలి.

అందుకే సీనియర్లకి ఒక మనవి. మీ హాస్టల్‌లో సర్వర్ గానీ, రౌటర్ గానీ, ప్రింటర్ గానీ మీ చేతి మీద నడుస్తుంటే, వెళ్లే ముందు ఒక ఆదివారం జూనియర్లని కూర్చోబెట్టి, మీరు కీబోర్డు ముట్టుకోకుండా దాన్ని ఆపి లేపించండి. ఎక్కడ ఆగితే అక్కడ ఫైల్లో రాయించండి. మేము మా ఫైల్‌ని, దాని కథని ఒక లాంగ్ నోట్‌బుక్‌లో కూడా రాసి ల్యాబ్ బీరువాలో పెట్టాం. డిస్క్ పోయినా అది ఉంటుంది.

మేం రాసిన దాంట్లో తప్పులుంటే తెలిసిన అన్నలు, అక్కలు చెప్పండి, దిద్దుకుంటాం. మీ హాస్టల్‌లో కూడా ఇలాంటి పాత మెషీన్ మూల పడి ఉంటే రాయండి. వచ్చే సెలవుల్లో మాలో ఇద్దరం వచ్చి చూస్తాం. బస్ ఛార్జీ మేమే పెట్టుకుంటాం, అన్నం మాత్రం మీ మెస్‌లో పెట్టండి.

జోహార్లతో,
హాస్టల్ ల్యాబ్ పిల్లలం